తాగుడు మాన్పించడం ఊరంతటి పని

(అక్షర కేంద్రంలో మహిళలకు చేసిన ప్రసంగ పాఠం)



పగలంతా చేలో పని చేశారు. ఇంటికొచ్చి వంట చేశారు. పిల్లలకు పెట్టారు. అంతా అయ్యాక పుస్తకం పట్టుకుని ఇక్కడికి వచ్చారు. మీ ఓపికకు దండాలు.

ఇవాళ్టి విషయం తాగుడు. ఈ మాట వినగానే చాలామంది తల దించుకుంటారు. "మా ఇంటి గుట్టు నలుగురిలో ఎందుకు?" అనుకుంటారు. ఒక్క సంగతి గమనించండి. ఒక ఇంట్లో విషజ్వరం వస్తే ఊరంతా కదులుతుంది. తాగే నీళ్లు చూస్తారు. నర్సమ్మను పిలుస్తారు. పక్కింటివాళ్లు గంజి కాచి ఇస్తారు. అదే ఇంట్లో తాగుడు చేరితే ఎవరి తలుపులు వాళ్లు మూసుకుంటారు. ఆ ఇల్లాలు ఒక్కతే ఏడుస్తుంది.

తాగుడు ఒక్క ఇంటి గుట్టు కాదు. అది ఊరి కష్టం. దాన్ని తీర్చే పని కూడా ఊరిదే. ఆ పనిలో మూడు భాగాలు ఉన్నాయి.

1. ఊళ్లోకి సరుకు రాకుండా చూడటం.
2. తాగుడికి బానిస అయినవాడికి వైద్యం చేయించడం.
3. మానినవాడు మళ్లీ తాగుడులో పడకుండా కాపాడటం.

మొదటి పని తెలుగు ఆడవాళ్లు దేశానికే నేర్పారు. మిగతా రెండూ ఇంకా నేర్చుకోవలసి ఉంది.

దూబగుంట చెప్పిన పాఠం

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990 తర్వాత ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. మీలాంటి ఆడవాళ్లే రాత్రిపూట పలకా బలపం పట్టుకున్నారు. వాళ్ల వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠం ఉంది. ఆ పాఠం సారా గురించి. ఆడవాళ్లు పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. "ఇది మన కథే గదా!" అనుకున్నారు. అందరూ కలిసి వెళ్లి ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. ఆమె 2016లో కన్నుమూశారు.

ఆ కబురు ఊరూరా పాకింది. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వలేదు. అధికారులు మళ్లీ మళ్లీ వాయిదా వేశారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా ఆగింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. 1995 జనవరిలో మొత్తం మద్య నిషేధం వచ్చింది.

సారాకు పోయే డబ్బు మిగిలింది. ఆ డబ్బుతో నెల్లూరు ఆడవాళ్లు పొదుపు మొదలుపెట్టారు. రోజుకు ఒక రూపాయి దాచారు. ఈరోజు ఊరూరా ఉన్న పొదుపు సంఘాల వెనక ఆ రూపాయి బలం కూడా ఉంది.

ఇంతటి విజయం తర్వాత ఏం జరిగింది? 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. మళ్లీ సీసాలు వచ్చాయి. బెల్టు షాపులు వచ్చాయి. కిరాణా కొట్లో ఉప్పూ పప్పూ పక్కన క్వార్టర్ సీసా చేరింది.

దుకాణం మూస్తే జబ్బు పోతుందా?

ఇక్కడే ఒక చిక్కు ఉంది. దుకాణం మూస్తే కొత్తగా తాగేవాళ్లు తగ్గుతారు. అప్పుడప్పుడు తాగేవాడు మానుకుంటాడు. అది చాలా మంచిది. మరి పదేళ్లుగా రోజూ తాగేవాడి సంగతేమిటి? వాడు పక్క ఊరికి పోతాడు. నాటు సారా తాగుతాడు. ఏమీ దొరక్కపోతే జబ్బున పడతాడు.

తెలంగాణలో 2015 సెప్టెంబరులో ఏం జరిగిందో వినండి. కొన్నిచోట్ల కల్లులో మత్తు మందులు కలుపుతారు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనేవి ఆ మందుల పేర్లు. అధికారులు దాడులు చేసి కల్తీ కల్లును ఆపారు. ఆపవలసిందే. కానీ ఆ మత్తుకు అలవాటుపడిన జనానికి ఒక్కసారిగా మందు అందలేదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కొందరికి వణుకు పుట్టింది. కొందరికి ఫిట్స్ వచ్చాయి. కొందరు పిచ్చిపట్టినట్టు తిరిగారు. కొందరు చనిపోయారు.

దీని నుంచి నేర్చుకోవలసింది ఏమిటి? సరుకు ఆపడం ఒక చేయి. వైద్యం రెండో చేయి. ఒక్క చేత్తో చప్పట్లు మోగవు.

తాగుడు ఎప్పుడు జబ్బు అవుతుంది?

తాగే ప్రతివాడూ రోగి కాడు. కానీ ఈ గుర్తులు కనిపిస్తే అది జబ్బే.

- పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి. ఒక గుక్క పడితేగానీ వణుకు ఆగదు.
- మొదట చిన్న సీసాతో ఎక్కిన మత్తుకు ఇప్పుడు పెద్ద సీసా కావాలి.
- "రేపటినుంచి మానేస్తా" అని ఒట్టు పెడతాడు. సాయంత్రానికి మళ్లీ తాగుతాడు.
- పనికి పోడు. అబద్ధాలు ఆడతాడు. ఇంట్లో గిన్నెలు కూడా తాకట్టు పెడతాడు.
- కాలేయం చెడిందని డాక్టరు చెప్పినా ఆపలేడు.

అలాంటివాడిని "సిగ్గులేదా?" అని తిడితే లాభం లేదు. వాడికి సిగ్గు ఉంది. ఆ సిగ్గు మరిచిపోవడానికి కూడా తాగుతాడు. జబ్బు అన్నామని వాడు చేసే తప్పులన్నీ ఒప్పులైపోవు. పెళ్లాన్ని కొట్టడం నేరమే. దానికి శిక్ష ఉంది. జబ్బుకు మాత్రం మందు కావాలి.

ఆడవాళ్లలోనూ ఈ జబ్బు ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్లు ఇంకా ఎక్కువ దాచుకుంటారు. వాళ్లను వెలివేయకండి. వాళ్లకూ ఇదే వైద్యం.

2019లో కేంద్ర ప్రభుత్వం ఒక సర్వే వివరాలు బయటపెట్టింది. ఢిల్లీలోని పెద్దాసుపత్రి ఎయిమ్స్ డాక్టర్లు ఆ సర్వే చేశారు. దేశంలో 5 కోట్ల 70 లక్షల మందికి పైగా తాగుడు విషయంలో సాయం అవసరమని తేలింది. బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోందని కూడా తేలింది. ఒక బస్సులో 38 మంది రోగులు ఉన్నారనుకోండి. ఆసుపత్రి దగ్గర ఒక్కడే దిగాడు. మిగతా 37 మందిని తీసుకుని బస్సు ముందుకు పోయింది. ఆ బస్సును ఆపవలసింది ఊరే.

ఒక్కసారిగా మాన్పిస్తే ప్రమాదం

ఇది చాలా ముఖ్యమైన మాట. చాలా ఇళ్లలో ఏం చేస్తారు? తాగేవాడిని గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. "వారం రోజులు తాగకుండా ఉంటే అదే మానుతాడు" అంటారు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడికి ఇలా చేస్తే ప్రాణమే పోవచ్చు.

ఎందుకు? నిండు చెరువును తలుచుకోండి. కట్ట ఒక్కసారిగా తెగితే నీళ్లు ఊరి మీద పడతాయి. తూము తీసి మెల్లగా వదిలితే పొలానికి పారతాయి. మందుకు అలవాటుపడిన ఒళ్లు నిండు చెరువు లాంటిది. డాక్టరు ఇచ్చే మాత్రలు తూము లాంటివి.

చివరిసారి తాగిన కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి. చెమటలు పోస్తాయి. వాంతులు అవుతాయి. నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు. ఒంటి మీద పురుగులు పాకుతున్నట్టు దులుపుకుంటారు. అప్పుడు ఇంట్లోవాళ్లు "గాలి సోకింది" అంటారు. భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. అది గాలి కాదు, దయ్యం కాదు. మందు ఆగడం వల్ల మెదడుకు వచ్చిన ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి చేర్చండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చుట్టూ ఉన్న రాళ్లూ కర్రలూ తీసేయండి. చేతిలో తాళం చెవులు పెట్టవద్దు. నోట్లో ఏమీ పెట్టవద్దు. నీళ్లు పోయవద్దు.

పప్పులో కలిపే పొడులు

"తాగేవాడికి తెలియకుండా కూరలో కలపండి. వారంలో మానేస్తాడు." ఇలా చెప్పి పొడులు అమ్మేవాళ్లు సంతల్లో ఉన్నారు. ఫోన్లలోనూ అమ్ముతున్నారు. పుస్తెలమ్మి కొన్న ఆడవాళ్లూ ఉన్నారు. ఆ పొడిలో ఏముందో ఎవరికీ తెలియదు.

డైసల్ఫిరామ్ అనే అసలైన మందు ఒకటి ఉంది. దాన్ని వేసుకున్నవాడు తాగితే ముఖం ఎర్రబడుతుంది. వాంతులు అవుతాయి. గుండె దడదడలాడుతుంది. కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డాక్టరు ఆ మందును రోగికి అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తారు. తెలియకుండా కలిపితే ఆ రాత్రి వాడు తాగి వస్తాడు. ఇంట్లో శవం లేస్తుంది. కాబట్టి చాటుగా ఏ మందూ కలపకండి.

వైద్యం ఎక్కడ? ఎలా?

మొదట ఊళ్లో ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించండి. అక్కడినుంచి పెద్దాసుపత్రికి రాస్తారు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. "మానసికం" అనే మాటకు భయపడకండి. పిచ్చి ఉందని కాదు. ఈ జబ్బు చూసే డాక్టర్లు వాళ్లే. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి.

ఫోన్‌లో అడగాలంటే రెండు నంబర్లు రాసుకోండి. పలక మీద కాదు, ఇంటి గోడ మీద రాసుకోండి.

14446 - మత్తు మానడానికి సాయం చెప్పే నంబరు.
14416 - మనసు బాధలకు సలహా చెప్పే నంబరు.

వైద్యంలో రెండు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు ఒళ్లు కుదుటపడటం. దీనికి సుమారు ఒకటి రెండు వారాలు పడుతుంది. వణుకు రాకుండా మాత్రలు ఇస్తారు. బి1 విటమిన్ ఇస్తారు. రెండో మెట్టు మనసు కుదుటపడటం. మాటలతో వైద్యం చేస్తారు. తాగాలనే కోరిక తగ్గడానికి కొందరికి మందులు ఇస్తారు. ఇది నెలల తరబడి సాగుతుంది. చాలామంది మొదటి మెట్టు ఎక్కి ఇంటికి వచ్చేస్తారు. అందుకే మళ్లీ పడిపోతారు.

కొన్నిచోట్ల డబ్బు తీసుకుని కొట్టేవాళ్లు, గొలుసులతో కట్టేసేవాళ్లు ఉన్నారు. అది వైద్యం కాదు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. చేర్చేముందు అడగండి. డాక్టరు ఉన్నారా? లైసెన్సు ఉందా? ఇంటివాళ్లను చూడనిస్తారా?

ఊరికే వచ్చిన వైద్యం

"ఆసుపత్రి దూరం. కూలి పోతుంది. ఎట్టా పోయేది?" అని మీరు అడుగుతారు. న్యాయమైన మాటే. దీనికి తమిళనాడులో ఒక దారి కనిపెట్టారు.

చెన్నైలో శాంతి రంగనాథన్ అనే ఆమె భర్త తాగుడు వల్ల చనిపోయారు. ఆమె ఇంట్లో కూర్చుని కుమిలిపోలేదు. 1980లో భర్త పేరు మీద తాగుడు మాన్పించే సంస్థ మొదలుపెట్టారు. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆ సంస్థవాళ్లు ఒక సంగతి గమనించారు. పల్లెటూరి పేదలు పట్నం ఆసుపత్రికి రాలేకపోతున్నారు. "వాళ్లు రాలేకపోతే మనమే పోదాం" అనుకున్నారు.

1989లో తంజావూరు ప్రాంతంలో మంజక్కుడి అనే ఊళ్లో శిబిరం పెట్టారు. డాక్టర్లు, సలహా చెప్పేవాళ్లు ఊరికి వచ్చారు. తాగుడు మానాలనుకున్నవాళ్లు అక్కడే ఉండి వైద్యం చేయించుకున్నారు. ఇంటివాళ్లకు కూడా పాఠాలు చెప్పారు. ఊరి పెద్దలు తోడు నిలిచారు. శిబిరం అయ్యాక కూడా మళ్లీ వచ్చి చూసుకున్నారు. ఈ పద్ధతి తర్వాత ఇంకెన్నో ఊళ్లకు పాకింది.

ఇందులో కిటుకు ఏమిటి? ఊరంతా చూస్తుండగా పది మంది కలిసి మానారు. ఎవరికీ ఒంటరి సిగ్గు లేదు. కంటి శిబిరాలు పెట్టించుకునే ఊరు ఈ శిబిరం ఎందుకు పెట్టించుకోలేదు? మీ సంఘం తరఫున కాగితం రాయండి. జిల్లా ఆసుపత్రికి ఇవ్వండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు గదా!

ఎప్పుడు మాట్లాడాలి? ఎలా మాట్లాడాలి?

తాగి వచ్చినప్పుడు వాదన పెట్టుకోకండి. అప్పుడు వినేది మనిషి కాదు, మందు. పిల్లలను తీసుకుని పక్కింటికి వెళ్లండి. చెయ్యి ఎత్తితే 112కి గానీ 181కి గానీ ఫోన్ చేయండి. ఇంట్లో హింసను ఆపడానికి 2005లో చట్టం వచ్చింది.

మాట్లాడటానికి పొద్దున మంచి సమయం. మత్తు దిగి ఉంటుంది. ఇలా అనవచ్చు.

"ఏమయ్యా, రాత్రి నీ చేతులు వణికినయ్. బుడ్డోడు భయపడ్డాడు. నాకూ భయమేసింది."

"ఏం గాలేదులే."

"నిన్ను తిట్టడానికి గాదు. నువ్వు మాకు కావాలి. సోమవారం పెద్దాసుపత్రికి పోదాం. నేనూ వస్తా, మీ అన్నా వస్తాడు."

ఒక్కరోజులో ఒప్పుకోడు. పదిసార్లు చెప్పాలి. మీ మాట వినకపోతే అతను గౌరవించే మనిషితో చెప్పించండి. మేనమామ కావచ్చు, మేస్త్రీ కావచ్చు. అన్నిటికంటే తాగుడు మానిన మనిషి మాట బాగా పనిచేస్తుంది.

మానినవాడిని కాపాడుకోవాలి

ఆసుపత్రి నుంచి వచ్చినవాడికి మొదటి నెలలు చాలా కష్టం. పాత స్నేహితులు పిలుస్తారు. "ఒక్క గుక్క ఏం చేస్తదిరా?" అంటారు. బానిస అయినవాడికి ఆ ఒక్క గుక్కే ముప్పు.

కూలి డబ్బులు చేతికొచ్చే రోజు ప్రమాదం. పెళ్లి, చావు, జాతర ప్రమాదం. ఎన్నికలు మరీ ప్రమాదం. ఓటు కోసం మందు పంచడం నేరమని గుర్తు పెట్టుకోండి. అలాంటి రోజుల్లో ఎవరో ఒకరు అతని వెంట ఉండాలి. "తాగుబోతోడు" అనే పాత పేరు ఊరు మరిచిపోవాలి. అతనికి పని ఇవ్వాలి.

మళ్లీ ఒకసారి తాగితే అంతా అయిపోయిందని కూలబడకండి. షుగరు జబ్బు ఒక్కోసారి పెరుగుతుంది. మందు మానేస్తామా? ఇదీ అంతే. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడు నిలిచి మానారు. వాళ్లు మొదలుపెట్టిన సంఘం పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. పొట్టిగా ఏ.ఏ. అంటారు. మన పట్టణాల్లోనూ ఈ సంఘాలు ఉన్నాయి. మానాలనుకున్నవాళ్లు కూర్చుని తమ కష్టం చెప్పుకుంటారు. ఫీజు లేదు. పేరు బయటపెట్టరు. ఇంటివాళ్లకు అల్-అనాన్ అనే సంఘాలు వేరే ఉన్నాయి.

పిల్లల జోలికి రానివ్వకండి

జలుబని పసిబిడ్డ నాలుకకు బ్రాందీ రాయకండి. కల్లు చుక్క పోయకండి. కడుపుతో ఉన్న తల్లి ఏ మత్తూ తాగకూడదు. కడుపులో బిడ్డ మెదడు దెబ్బతింటుంది. నాన్న కోసం సీసా తెమ్మని పిల్లాడిని పంపకండి. ఈరోజు తెచ్చేవాడు రేపు తాగేవాడు. పిల్లవాడు బడి ఎగ్గొట్టి, ఎర్రకళ్లతో, డబ్బు దొంగిలిస్తూ ఉంటే గంజాయి కావచ్చు. కొట్టి దాచకండి. 14446కి ఫోన్ చేయండి. మత్తు మందులకు బానిసైనవాళ్లు తమంతట తాము వైద్యానికి వస్తే, చిన్న మొత్తం కేసుల్లో శిక్ష లేకుండా చూసే వీలు చట్టంలో ఉంది.

ఒక లెక్క వేయండి

పలక తీయండి. రోజుకు 150 రూపాయలు తాగుడుకు పోతున్నాయనుకోండి. నెలకు ఎంత? 150ని 30తో గుణించండి. 4,500 రూపాయలు. ఏడాదికి? 150ని 365తో గుణించండి. 54,750 రూపాయలు. అలాంటి ఇళ్లు ఊళ్లో 40 ఉంటే? 21 లక్షల 90 వేల రూపాయలు! మీ ఊరి నుంచి ఏటా అంత డబ్బు సీసాల్లో పోతోంది. ఈ లెక్క మీ గ్రామసభలో చెప్పండి.

సంఘం చేయవలసిన పనులు

- బెల్టు షాపు వద్దని గ్రామసభలో తీర్మానం చేయించండి. ఆ కాగితం ఎక్సైజ్ అధికారులకు ఇచ్చి రసీదు తీసుకోండి.
- ప్రతి వాడకు ఇద్దరు అక్కలు ఉండాలి. కష్టం వచ్చిన ఇల్లాలు అర్ధరాత్రి తలుపు తట్టినా తీయాలి.
- ఆసుపత్రికి పోయేవాడి చార్జీలకు, ఇంట్లో బియ్యానికి సంఘం చిన్న అప్పు ఇవ్వాలి.
- మానినవాళ్లను నెలకోసారి ఒకచోట కూర్చోబెట్టండి.
- ఏడాదికోసారి ఊళ్లో శిబిరం పెట్టించండి.

రాజ్యాంగం 47వ అధికరణం మద్య నిషేధానికి ప్రభుత్వం ప్రయత్నించాలని చెబుతోంది. అడిగే హక్కు మీకుంది. దూబగుంట ఆడవాళ్లు ఒక పాఠం చదివి దుకాణం మూయించారు. మీరు ఈ పాఠం చదివి ఈ నెలలో ఒక్క మనిషిని ఆసుపత్రి దాకా నడిపించండి. ఆ ఇంట్లో దీపం వెలిగితే పక్కింటికీ వెలుగు వస్తుంది.

చర్చించండి

1. మీ ఊళ్లో మందు ఎక్కడెక్కడ అమ్ముతున్నారు?
2. రోజూ తాగేవాడిని గదిలో పెట్టి తాళం వేయడం ఎందుకు ప్రమాదం?
3. మీ ఊరికి దగ్గరలో తాగుడు మాన్పించే ఆసుపత్రి ఎక్కడ ఉంది? బస్సు ఎన్ని గంటలకు ఉంది?
4. శిబిరం పెట్టమని కోరుతూ జిల్లా ఆసుపత్రికి ఉత్తరం రాయండి. అందరూ సంతకాలు చేయండి.